గుంత గది

ఇంటికి వెల కట్టడానికి వచ్చిన ఇంజనీరు చేతిలో టేపు లాక్కుని, ఆయన్ని వీధిలోకి తరిమానని మా ఆయన తరఫు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. లాక్కోలేదు. టేపుకు రెండు కొసలుంటాయి. ఒకటి ఇంజనీరు చేతిలో, ఇంకొకటి మా ఆయన చేతిలో ఉంటే ఇక నేనెందుకు అక్కడ? అందుకని రెండో కొస నేను పట్టుకున్నాను. అంతే జరిగింది.

ఎమ్మిగనూరులోని ఆ ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉండేది. విడాకుల కేసు ఆదోని కోర్టులో నడుస్తోంది. ఇల్లు ఆయన ఉంచుకుని, వెలలో సగం నాకివ్వాలని లాయర్లు తేల్చారు. వెల ఎంత తగ్గితే ఆయనకంత లాభం. నాకొచ్చే సగంతోనే నేను ఆదోనిలో తల దాచుకోను రెండు గదులు చూసుకోవాలి. ఇంజనీరును కుదిర్చింది ఆయన లాయరే అని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

ఆ మనిషి పొద్దున బస్సుకు దిగాడు. మా ఆయన్ని మొదటిసారి చూసినట్టే చూసి దండం పెట్టాడు. హాలు కొలిచాం, వంటిల్లు కొలిచాం. మంచినీళ్లు తాగి, చేతిలో కాగితం చూసుకుంటూ అడిగాడు.

"గుంత గది యాడుందమ్మా?"

నా చేతిలో టేపు ఆగిపోయింది.

ఆ ఇల్లు మేము ఒక నేత కుటుంబం దగ్గర కొన్నాం. వాళ్లు వెనక గదిలోంచి మగ్గం తీసుకుపోయారు గానీ, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంత అట్లాగే ఉండిపోయింది. మా వీధిలో ఎవరినడిగినా దాన్ని మగ్గం గది అంటారు. గుంత గది అనేవాడు ఒకే ఒక్కడు, ఆస్పరి దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టిన మా ఆయన. ఇంట్లో చేరిన వారానికే అందులో పడి మడమ బెణికించుకుని, దానికా పేరు పెట్టాడు.

"ఆ మాట నీకెవరు చెప్పినారన్నా?"

"ఎవరు చెప్పేదేముందమ్మా, గుంత ఉండాది కదా..."

"తలుపే తీయలేదే ఇంకా! నీకు యాడ కనపడె?"

మా ఆయన అందుకున్నాడు. "ఆమెకు అనుమానం జాస్తిలే సార్. గుంతను గుంత అనక బావి అంటారా?"

"ఒక్కసారి పడినందుకు ఇన్నేండ్లు దాని మీద పగ పట్టినోడివి నువ్వొక్కడివే. నీ మడమ నొప్పి ఈ సారుకు ఎట్ల తెలిసె?"

ఇంజనీరు ఆ గది తలుపు తీయించి చూశాడు. నేలలో గుంత ఉంది, పూడ్చి గచ్చు వేయాలి అని రాసి, వెల తగ్గించి పోయాడు.

నేను ఒప్పుకోనన్నాను. "ఒక్క మాట పట్టుకుని జడ్జికి ఏం చెప్పమంటావమ్మా?" అని మా లాయరు నవ్వాడు. నవ్వనీ. మా ఆయన మొహం ఎరగని ఇంకో ఇంజనీరును కర్నూలు నుంచి నేనే పిలిపించాను. ఆ పూట మా ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. వచ్చినాయన మూలమూలా కొలిచి, ఆయనా అదే రాశాడు. గుంత పూడ్చాలన్నాడు. వెల కూడా దాదాపు అంతే కట్టాడు. నోరు మూసుకుని సంతకం పెట్టాను.

"చూసినావా, ఉత్త అనుమానం" అన్నారు అందరూ, మా అక్కతో సహా. సరే, వెల సరైనదే. కాదనను. అయినా మా ఆయన నోటి మాట ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లోకి గాలికి ఎగిరి రాదు. వెల తగ్గించమని కాకపోతే, ఆ ఇద్దరూ ముందే కలిసి ఏం మాట్లాడుకున్నట్టు?