దీవెనమ్మ కంటి కట్టు

1936లో నేను కడప జిల్లాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో కంటి వార్డు నర్సుని. ఎర్రగుంట్ల దగ్గరి పల్లె నుంచి సామేలు అనే కూలీ తన ముసలి తల్లి దీవెనమ్మను బండిలో తీసుకొచ్చాడు. రెండు కళ్లలోనూ క్యాటరాక్ట్, అంటే పొర, ముదిరిపోయింది. డాక్టరమ్మ కుడి కంటికి ఆపరేషన్ చేసి, రెండు కళ్లకూ కట్టు కట్టింది.

అప్పట్లో ఆ కోతకు కుట్లు వేసేవారు కాదు. కట్టు విప్పేదాకా రోగి వెల్లకిలా పడుకోవాలి. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవాళ్లం. ఏడిస్తే గాయం విచ్చుకుని చూపు పోవచ్చని ముందే చెప్పేవాళ్లం.

అలా పడుకునే ఉండి దీవెనమ్మ తన బతుకంతా చెప్పింది. భర్త నాపరాళ్ల గనిలో బండ పడి చనిపోయాడు. అదే గనిలో రాళ్లు మోసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. చూపు తగ్గాక కూడా ఆదివారం గోడలు పట్టుకుని చర్చికి, ఆమె మాటలో గుడికి, వెళ్లి అందరికంటే ముందు కీర్తన ఎత్తుకునేది.

"కూతురెక్కడుంది అవ్వా?" అని అడిగాను.

"మగ్గం నేసే హిందువుల పిల్లోన్ని చేసుకునింది. నా గడప తొక్కద్దంటి. శానా ఏండ్లాయ."

మర్నాడు ఆ కూతురు రూతమ్మ వార్డు గుమ్మంలో నిలబడింది. తమ్ముడు సామేలు కబురు పంపాడట.

"మాయమ్మకు నేను చేసుకుంటా నర్సమ్మా. నోరు తెరవను" అంది.

తల్లి గుర్తుపట్టి ఏడిస్తే కన్ను పోతుందని భయపడ్డాను. కానీ ముసలామె ఎవరు పెట్టినా సరిగా తినడం లేదు. చివరికి ఒప్పుకున్నాను. రూతమ్మ గంజి తాగించేది, ఒళ్లు తుడిచేది. ఆమె ఎవరని దీవెనమ్మ ఒక్కసారీ అడగలేదు. ఆయా అనుకుంటోంది కాబోలనుకున్నాను.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ వేళ్లు చూపిస్తే దీవెనమ్మ సరిగ్గా లెక్కపెట్టింది. తర్వాత మంచం కాళ్ల దగ్గరున్న మనిషి వైపు చూసింది.

"రూతూ, దగ్గరికి రా. ఎంత చిక్కిపోయినావే."

రూతమ్మ తల్లి పాదాలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నీకెట్లా తెలిసింది అవ్వా?" అన్నాను.

"గంజి తాపేటప్పుడు గడ్డం కింద అరచెయ్యి పెడ్తాండె. నేను గనికి పోతే తమ్మునికి అట్లనే తాపేది. మొదటి పూటే తెల్సింది."

"మరి పలకలేదేం?"

"పలికితే ఏడుపొస్తాది. ఏడిస్తే కన్ను పోతాదంటివి గదా. దాన్ని చూడాల గదమ్మా."

ఇంటికి వెళ్లే రోజు అల్లుడు బండి కట్టుకొచ్చాడు. దీవెనమ్మ కూతురి భుజం పట్టుకుని ఎక్కుతూ, "ముందు నీ మగ్గం చూపియ్యి. మీ ఊర్లో గుడి యాడుండాదో గూడా చూపియ్యి, ఆదివారం పోవాల" అంది.

ఆ తర్వాత ఎంతోమంది కళ్లకు కట్లు కట్టాను. ఏడవద్దు, కదలొద్దు అని చెప్పే ముందు ప్రతి ఒక్కరినీ ఒక మాట అడిగేదాన్ని: "కట్టు విప్పాక ఎవరిని చూడాలని ఉంది?"