రేడియోలో రెండో పక్షం

మా భిలాయిలో స్టీలు ప్లాంటు కొలిమి చల్లారడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఒక ఆదివారం ఉదయం ఒక నాయకుడి ముఖం చల్లారిపోవడం మాత్రం ఊరిలో తెలుగువాళ్లందరూ విన్నారు. చూడడం కాదు, వినడమే. రేడియోలో. నిప్పు, నీళ్లు రెండూ లేకుండా అంత పని చేసిన మహానుభావురాలిని నేనే. నీళ్లు లేకుండా అని ఎందుకన్నానో మీకే తెలుస్తుంది.

అప్పట్లో మా ఊరికొక చిన్న రేడియో ఉండేది. ప్రభుత్వ సాయంతో, ప్రజల పేరుతో నడిచే రేడియో. కమ్యూనిటీ హాలు వెనకాల సామాన్ల గదిలో, గోడలకి పాత పరుపులు కొట్టి స్టూడియో అన్నారు. మైకు ఆన్ చేస్తే ఫ్యాను ఆపెయ్యాలి, లేకపోతే ఊళ్లోవాళ్లకి హెలికాప్టరు దిగుతున్నట్టు వినిపిస్తుంది. ఎండాకాలంలో ఆ గదిలో అరగంట మాట్లాడి బయటికొచ్చినవాళ్లని చూస్తే, ఇడ్లీ పాత్రలోంచి తీసినట్టుండేవారు. అయినా ఆదివారం తెలుగు అరగంట కోసం ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో, క్యాంపు బస్తీలో, అటు చరోదా రైల్వే కాలనీలో ముసలివాళ్లు సెట్లు పట్టుకుని కూర్చునేవారు. మనవలు హిందీలో మాట్లాడే ఇళ్లలో ఆ అరగంటే వాళ్లకి సొంత ఊరు.

ఆ రేడియోకి ఒక పాలకమండలి ఉండేది. అందులో సభ్యురాలిగా మిమ్మల్ని నియమించామని ఒకరోజు మునిసిపల్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎందుకు నియమించారని అడగాలని నాకు తోచలేదు. ఎందుకు తోస్తుంది? చర్చిలో క్రిస్మస్ నాడు వాక్యం చదివేది నేనే, మహిళా సమాజంలో వందన సమర్పణ చేసేదీ నేనే. నా గొంతు గురించి ఎవరో పెద్దలకి చెప్పి ఉంటారు, ఆలస్యంగానైనా న్యాయం జరిగిందనుకున్నాను. ఆ వారమంతా ఇంట్లో కూడా రేడియో గొంతుతోనే మాట్లాడాను. "డేవిడ్ గారూ, పప్పులో ఉప్పు ఎలా ఉందో మన శ్రోతలతో పంచుకుంటారా?" అని అడిగితే మా ఆయన, రైల్ మిల్లులో ఎర్రటి పట్టాలు దొర్లుతుంటే కూడా బెదరని మనిషి, కంచం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

కొత్త సభ్యులకి ఒక పూట శిక్షణ ఇచ్చారు. మిగతావాళ్లు సమోసాల మీద దృష్టి పెట్టారు. నేను మాత్రం ఒక్క నియమాన్ని గుండెల్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. పక్షపాతం కూడదు, ఒక పక్షం మాట్లాడితే రెండో పక్షానికీ అంతే సమయం ఇవ్వాలి. ఆ నియమం పార్టీల గొడవల కోసం పెట్టినదని మామూలు బుర్ర ఉన్నవాళ్లకి అర్థమవుతుంది. నేను గోంగూరకి కూడా వర్తింపజేశాను. పులుసులో చింతపండు వేసేవాళ్ల తరఫున ఒకావిడని, వెయ్యనివాళ్ల తరఫున ఆవిడ తోటికోడలిని కూర్చోబెట్టాను. ఆ తర్వాత చాలాకాలం వాళ్లిద్దరికీ మాటల్లేవు. డెంగీ జ్వరం గురించి చెప్పడానికి డాక్టరు గారు వస్తున్నారంటే, మరి రెండో పక్షం ఎవరని స్టేషను నడిపే తివారీ జీని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "దోమని పిలవమంటారా?" అని హిందీలో చాలా మర్యాదగా అడిగారు.

ఇలా నా నిష్పక్షపాతం వర్ధిల్లుతున్న రోజుల్లో క్యాంపు వైపు కొత్త నీళ్ల ట్యాంకు కట్టారు. కట్టించింది ఆ వార్డు పార్షద్, అంటే మన భాషలో కార్పొరేటరు, అప్పలరాజు గారు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. ఆయన మాత్రం ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగుని హిందీలో ముంచి మాట్లాడేవారు. ఊరంతా రాజు భయ్యా అనేది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ట్యాంకు గురించి తెలుగు అరగంటలో ఆయనతో మాట్లాడించాలని, పూలదండ కూడా తామే తెచ్చుకుంటామని ఆయన మనుషులు చెప్పారు. తివారీ జీ సరేనన్నారు. నేను మాత్రం రెండో పక్షం కావాలన్నాను. ఈసారి దోమ కాదు, మనిషే దొరుకుతుందని ధీమాగా చెప్పాను. ఎందుకంటే ట్యాంకు నిలబడిందే గానీ, కుళాయిల్లో చుక్క రాలేదని మా చర్చిలో క్యాంపు ఆడవాళ్లు చెప్పుకోవడం విన్నాను.

మర్నాడే క్యాంపు వీధుల్లో పడ్డాను. నీళ్లు రావడం లేదని ప్రతి గుమ్మంలోనూ చెప్పారు. రేడియోలో చెప్తారా అంటే ప్రతి గుమ్మంలోనూ ఏదో పని గుర్తొచ్చింది. ఒకావిడ కొడుకుది కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకొకావిడకి రేషను కార్డులో పేరు ఎక్కాలి. ఒకాయనకైతే నన్ను చూడగానే గొంతే పోయింది, సైగలు చేసి తలుపేసుకున్నారు. చివరికి వీధి కుళాయి దగ్గరికొచ్చాను. ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య ఒక పెద్దావిడ, చేతికర్ర ఆనించుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని, "ఎవులూ రాకపోతే నాను సెప్తాను, నడు" అంది.

పేరడిగితే పైడమ్మ అంది. ఎక్కడుంటారంటే ఈ వీధేనంది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పాపం, రేడియో అంటే సిగ్గుపడుతున్నారనుకున్నాను. పాఠకులారా, ఆ నవ్వు ఎందుకని ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథ లేదు.

ఆదివారం వచ్చింది. రాజు భయ్యా తెల్ల కుర్తాలో, మెడలో దండతో వచ్చి మైకు ముందు కూర్చున్నారు. తన సమయం తాను చక్కగా మాట్లాడారు. ట్యాంకు ఎంత ఎత్తో, దాని మీద నిలబడితే దుర్గ్ దాకా ఎలా కనబడుతుందో చెప్పారు. పైడమ్మ గారిని బయట బల్ల మీద కూర్చోబెట్టాను, రెండో పక్షం ముందే ఎదురుపడితే గొడవవుతుందని. ఇప్పుడు రెండో పక్షాన్ని విందామని చెప్పి తలుపు తీశాను.

ఆవిడ లోపలికి రాగానే రాజు భయ్యా కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డారు.

నా మనసు పొంగిపోయింది. మైకులో అన్నాను కూడా. "శ్రోతలారా, మీకు కనబడదు గనక నేనే చెప్తున్నాను. ఒక సామాన్య పౌరురాలిని చూసి మన పార్షద్ గారు లేచి నిలబడ్డారు. ఇదీ సంస్కారమంటే."

"ఒరే, కూకో" అంది సామాన్య పౌరురాలు.

ఆయన కూర్చున్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. పల్లెటూరి చనువు అనుకున్నాను.

"టేంకు కట్నావు, బాగుంది" అంది పైడమ్మ గారు. "అందల నీల్లేవిరా?"

"బస్, అంతే, వారంలో పైపులైను అయిపోతుంది..." అని ఆయన మొదలుపెట్టారు. నేను చెయ్యెత్తి ఆపాను. మీ సమయం అయిపోయింది, దయచేసి వారికి అడ్డు రాకండని చాలా కఠినంగా చెప్పాను. అవతల అద్దం వెనకాల తివారీ జీ రెండు చేతులూ గాల్లో ఊపుతున్నారు. కార్యక్రమం బ్రహ్మాండంగా సాగుతోందని మెచ్చుకుంటున్నారనుకుని, నేనూ చెయ్యి ఊపాను.

"పైపు నేదు సరే" అంది ఆవిడ. "మరి తెల్లారకుండా మనింటెనకాల టేంకరు ఎవులికోసం ఆగతంది? దాని సప్పుడికి వీదంతా లెగుస్తాది. బిందెలట్టుకుని వాలు సూస్తంటే, నాను ఆ నీల్లతో కాల్లు కడుక్కోవాల. అరుగు మీద నాతో కూకునేవోలు ఒకల్లూ రావట్లేదురా. సిగ్గుతో సస్తన్నాను."

రాజు భయ్యా కుర్తా చేతితో చెమట తుడుచుకున్నారు. ఫ్యాను కూడా లేదు కదా. అప్పుడు, మనింటెనకాల అన్న మాట నా చెవిలోంచి మెల్లగా బుర్రలోకి దిగింది. నిష్పక్షపాతమైన ప్రసారకర్తగా ఆ సందేహాన్ని శ్రోతల ముందే తీర్చుకోవాలనుకున్నాను.

"అమ్మా, మీరు పార్షద్ గారికి బంధువులా?"

ఆవిడ నావైపు తిరిగి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"కన్నాను" అంది.

ఆ తర్వాత ఏమైందో శ్రోతలకి తెలియదు, ఎందుకంటే తివారీ జీ టమోటా మొక్కలకి పట్టే తెగుళ్ల మీద రికార్డు చేసిన ప్రసంగం పెట్టేశారు, అదీ సగంలోంచి. నాకు మాత్రం తెలుసు. రాజు భయ్యా దండ తీసి బల్ల మీద పెట్టి, తల్లి చేతికర్ర అందించి, ఆవిడని పట్టుకుని మెట్లు దింపి కారెక్కించారు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ సాయంత్రానికి మా క్వార్టరు ముందు జనం. అవతలి పార్టీవాళ్లు లడ్డూలు పట్టుకొచ్చి, మీరు మనవాళ్లేనని తెలియక ఇన్నాళ్లూ పలకరించలేదని చేతులు జోడించారు. వాళ్లు వెళ్లగానే రాజు భయ్యా మనుషులొచ్చి, ఎంతకి అమ్ముడుపోయారని అడిగారు. రెండు పక్షాలూ సమానంగా వచ్చాయి గనక సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన లడ్డూ తింటూ, "ఏటి విమలా, రేపు మన నల్లాలో ఏటొస్తాది, నీల్లా, లడ్డూలా?" అన్నారు. అసలు భయం అది కాదు. తెలుగు అరగంటే తీసేస్తారని తివారీ జీ చెవిలో వేశారు. ఆ మాట విన్నాక మాత్రం నాకు అన్నం దిగలేదు. నా సమానత్వపు పిచ్చికి ఆ ముసలివాళ్ల సొంత ఊరు పోతే ఎలా?

నేను తప్పుకుంటే అరగంటైనా మిగులుతుందని, రాజీనామా చేస్తానని చెప్పడానికి రాజు భయ్యా ఇంటికి వెళ్లాను. ఆయన టీ ఇప్పించారు.

"దేఖియే మేడం" అన్నారు, "కమిటీలో మిమ్మల్ని వేయించింది నేనే, తెలుసా?"

తెలియదన్నాను. నా గొంతు గురించి ఎవరో చెప్పారనుకున్నానని కూడా అన్నాను. ఆయన మొహంలో జాలి కనబడింది.

"గొంతు కాదు. చరోదాలో మా పార్టీ విమల దీదీ ఉంది కదా, ఆమె పేరు ఫోన్లో చెప్పాను. ఆఫీసువాళ్లు విమలంటే మీరనుకున్నారు. సరే, తెలుగావిడే కదా, ఏం చేస్తుందిలే అని ఊరుకున్నాను."

చూశారా, ఆ మండలిలో ఉన్నవాళ్లందరూ ఎవరో ఒక నాయకుడి మనుషులే. ఎవరి మనిషీ కానిదాన్ని నేనొక్కదాన్నే, అదీ ఆఫీసు పొరపాటు వల్ల. ఇంత అవమానం పైడమ్మ గారి చేతుల్లో ఆయనకి కూడా జరగలేదు.

రాజీనామా ఇస్తానంటే ఆయన వద్దన్నారు. ఇప్పుడు నన్ను తీస్తే తానే తీయించాడంటారట. తెలుగు అరగంట ఆపినా అంతేనట. కాబట్టి ఆయన పరువు నిలవాలంటే నేను ఉండాల్సిందే. లోపలి గదిలోంచి పైడమ్మ గారి గొంతు వినిపించింది. "ఒలే విమలా, ఆదివారం నానొస్తన్నాను. పోయినోరం తిట్నాను కదా, ఈ వోరం పొగుడుతాను. టయిం సమానంగా ఇయ్యాల, నువ్వే అన్నావు."

నియమం నాదే. కాదనే దారి లేదు.

ఆ ఆదివారం ఊళ్లో రేడియో లేని ఇల్లు కూడా పక్కింట్లో కూర్చుంది. హిందీ మాత్రమే వచ్చిన పిల్లలు అర్థం చెప్పమని తాతల్ని పీడించారట. పైడమ్మ గారు మైకుని అరచేత్తో ఒకసారి తుడిచి మొదలుపెట్టింది. తన భర్త ప్లాంటులో బొగ్గు కాల్చే కోకు ఓవెన్ల దగ్గర నైట్ షిఫ్టు చేసి పగలంతా నిద్రపోతుంటే, చిన్నప్పుడు రాజు చప్పుడవుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లో నడిచేవాడట. ఇప్పటికీ తల్లి తినకుండా తాను అన్నం ముట్టడట. పోయిన ఆదివారం కార్యక్రమం అయ్యాక తల్లిని ఒక్క మాట అనలేదట, మర్నాడు ట్యాంకరుని మాత్రం తనే దగ్గరుండి వీధి చివరికి తోలించి అందరి బిందెలూ నింపించాడట. ఆ మాట చెప్తూ ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. అద్దం వెనకాల, తెలుగు రాని తివారీ జీ కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రాజు భయ్యా తల దించుకుని కూర్చున్నారు. పొగడ్త అంటే ఇదేనని, నా రేడియో జీవితం ధన్యమైందని నేను అనుకుంటుండగా ఆవిడ మైకు దగ్గరికి జరిగింది.

"మా గుంటడు మంచోడమ్మా. అబద్దం సెప్పడం సేతకాదు. సెప్తే సెవులు రెండూ ఎర్రగయిపోతాయి, సిన్నప్పట్నుంచీ అంతే. మీరే ఓటేసే ముందు సెవులు సూసుకోండి."

ఎన్నికల ప్రచారమంతా ఎర్రటి ఎండలోనే జరిగింది. రాజు భయ్యా సభలకి వచ్చినవాళ్లు ఆయన మాటలు వినడం మానేసి, మెడలు సాచి చెవులు చూసేవారు. పాపం, ఆయన ఏది పడితే అది వాగ్దానం చేసే వీలే లేకపోయింది. చెయ్యగలిగినవే చెప్పారు. పైపులైను వేయించారు. గెలిచారు కూడా, కొద్ది తేడాతో. ఆ కొద్ది తేడా తన వల్లేనని పైడమ్మ గారూ, నా వల్లేనని నేనూ చాలాకాలం వాదించుకున్నాం, సమాన సమయం తీసుకుని.

ఇప్పుడు ఆ రేడియో లేదు. సాయం ఆగిపోయి, తివారీ జీ కుమ్హారిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయి, స్టూడియో మళ్లీ సామాన్ల గది అయింది. పైడమ్మ గారు కూడా లేరు. ఆవిడ చివరి రోజుల్లో నన్ను పిలిపించుకుని చెయ్యి పట్టుకుని, ఊళ్లో కబుర్లన్నీ రేడియో గొంతుతో చెప్పమనేది. చెప్పేదాన్ని. మధ్యలో ఒక్కోసారి కళ్లు తెరిచి, మరి రెండోవోలు ఏటన్నారు అని అడిగేది.

అందుచేత పాఠకులారా, ఒక గంభీరమైన ప్రతిజ్ఞ. ఇకముందు ఏ మండలిలో వేసినా, ఏ మైకు ముందు కూర్చోబెట్టినా, ఎంతటి నాయకుడికైనా ఎదురుగా ఎంతటి శత్రువునైనా కూర్చోబెడతాను గానీ, కన్నతల్లిని మాత్రం రెండో పక్షంగా పిలవను. వచ్చిందంటే ఆవిడ రెండు పక్షాలూ తనే మాట్లాడేస్తుంది, మధ్యలో మనం ఫ్యాను లేకుండా కూర్చోవాలి.