ఆవు చేపిన వాసన

తొంభైల చివర నేను తిరుపతిలో ఒక ఫ్యాన్సీ స్టోర్‌లో పనిచేసేవాణ్ని. గాజులు, రిబ్బన్లు, పౌడర్ డబ్బాలు ఒక పక్క, మగవాళ్ల సామాను ఇంకో పక్క. ఆ రెండో పక్క నాది. గడ్డం గీసుకున్నాక రాసుకునే ఆఫ్టర్ షేవ్ లోషన్లు, వాటి మీద కొట్టుకునే సెంట్లు, కొలోన్లు, అత్తర్లు. ఏ లోషనుకు ఏ సెంటు జోడీ కుదురుతుందో చెప్పడంలో నన్ను మించినవాడు ఆ వీధిలో లేడని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం ఎందుకు.

జనం ఈ విషయంలో మహా మొండి. బుగ్గలకు ఒక రకం రాసుకుని, చొక్కా మీద ఇంకో రకం గుమ్మరించుకుని పెళ్లికి బయల్దేరతారు. పక్కన కూర్చున్నవాడికి తలనొప్పి. నిమ్మ వాసన వచ్చే లోషన్ మీద వట్టివేరు సెంటు ఒద్దికగా కూర్చుంటుంది. లవంగం ఘాటున్న దాని మీద గంధం నిలబడుతుంది. పిప్పరమెంటులా చల్లగా కొట్టే లోషన్ ఒకటుంది చూడండి, దాని మానాన దాన్ని వదిలేయాలి, మీద ఏది కొట్టినా గొడవే. కొండ మీద గుండు చేయించుకుని తలకు గంధం పూసుకుని నేరుగా అంగడికి వచ్చినవాళ్లకు నేను ఏ సీసా మూతా తీసేవాణ్ని కాదు. ఈ గంధం ముందు మీకేమీ తెలీదు, రేపు రండి అనేవాణ్ని. మా ఓనరు పళ్లు కొరుక్కునేవాడు.

మా అక్కను పలమనేరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. బావకు కొంచెం టమోటా తోట, ఒక జెర్సీ ఆవు. మనిషి సోకులరాయుడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, లోషన్ రాసుకుని, తల దువ్వుకుని గానీ పాలు పిండడానికి కూర్చునేవాడు కాదు. ‘ఆవుకేమన్నా పెండ్లిసూపులా అప్పా’ అని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. పెళ్లిలో నేనే ఆయనకు నిమ్మ లోషను, వట్టివేరు సెంటు జోడీగా ఇచ్చాను. ఆ తర్వాత తిరుపతికి వచ్చినప్పుడల్లా మా అంగడికి వచ్చి పిప్పరమెంటు లోషన్ ఒకటే తీసుకునేవాడు. మరి సెంటో అని అడిగితే, ‘అది యాడో ఉండాదిలే బామ్మర్దీ’ అని మాట మార్చేవాడు. ఆయన మీద ఏ వాసన వచ్చేదో నాకు తెలీదు. మా అంగట్లో నిలబడితే ఎవరి వాసన ఎవరిదో కనుక్కోవడం నా తరం కూడా కాదు.

ఒకరోజు తోటలో నీళ్లు కడుతూ బావ గుండె పట్టుకుని కూలిపోయాడు. మా వైపు మనిషిని పూడ్చేటప్పుడు ఆయన వాడుకున్న చిన్న చిన్న వస్తువులు కూడా గుంతలో పెడతారు. దువ్వెన, చేతి అద్దం, చొక్కా జేబులో ఉన్నవి అన్నీ ఆయనతోనే పోయాయి. చావింట్లో మైల గుడ్డలు ఉంచకూడదని మిగతా బట్టలన్నీ మూట కట్టి ఉతికించేశారు. అది ఎంత పెద్ద పొరపాటో అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆ ఇంట్లో ఇక మిగిలింది అక్క, ఇంకా సరిగ్గా మాటలు రాని ఆమె బిడ్డ, బావ తల్లి. ఆమెను నేను అత్తా అని పిలిచేవాణ్ని. రెండు కళ్లకూ పొరలు కమ్మి ఆమెకు చూపు లేదు, వసారాలో మంచం మీద కూర్చుని ఉండేది. తోటను కౌలుకు ఇచ్చేయొచ్చు, కానీ ఇల్లు గడవాలంటే ఆవు పాలే దిక్కు. పాలు లేకపోతే అక్క బిడ్డను చంకనేసుకుని మా నాయన దగ్గరికి వచ్చేయాల్సిందే, ఆ ముసలామెను ఏం చేయాలో ఎవరికీ తెలీదు. అక్కకు ఆ ఇల్లు విడవడం చచ్చినా ఇష్టం లేదు. ‘ఆవు నిలబడితే నేను ఈడనే నిలబడతాను రా,’ అని నాతో అంది.

ఆవు నిలబడలేదు. దాని దూడ పుట్టిన కొన్నాళ్లకే చచ్చిపోయింది. అప్పటినుంచి అది బావ చేతికి తప్ప చేపేది కాదు, అంటే చన్నుల్లోకి పాలు వదిలేది కాదు. ఎవరు కూర్చున్నా పాలు పైకి ఎగబట్టుకుని కాలు విసిరేది. పశువుల డాక్టరు సూది వేస్తే ఆ పూటకు ఇచ్చేది, మళ్లీ మామూలే. రోజూ సూదులు పొడిస్తే ఆవు పాడైపోతుందని ఆయనే చెప్పాడు. మొగుడు పోయిన ఆడమనిషి నెల తిరిగేదాకా గడప దాటకూడదని అత్త అక్కను కొట్టంలోకి పోనివ్వలేదు. చివరికి నేను సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. పుత్తూరు పక్కన పల్లెలో పుట్టినవాణ్ని, పాలు పిండడం నాకు చిన్నప్పటి పనే.

పిండే మనిషి మారితే పాత మనిషి గుడ్డలు వేసుకుని కూర్చోవడం మా వైపు ఆనవాయితీ. బావ చొక్కా వేసుకుని పోయాను. ఆవు మెడ తిప్పి చొక్కా వాసన చూసి మొహం తిప్పేసుకుంది. చొక్కా సబ్బు వాసన వేస్తోంది మరి. అప్పుడు వెలిగింది నాకు. ఆవుకు కావలసింది చొక్కా కాదు, దాని మీద ఉండే వాసన. ఇది నా పని అని లోపల్లోపల సంబరపడ్డాను కూడా, చావింట్లో సంబరమేమిటని సిగ్గు కూడా వేసింది.

గూట్లో సగం సీసా పిప్పరమెంటు లోషన్ ఉంది. బావ కత్తితోనే గడ్డం గీసుకుని, అది రాసుకుని పోయాను. ఆవు ఈసారి చెవులు నిక్కించింది. ముక్కు నా చెంప దాకా తెచ్చి, ఏదో తక్కువైనట్టు ఆగి, బుస్సుమని వెనక్కు పోయింది. సగం కుదిరిందని అర్థమైంది. మిగతా సగం కోసం తిరుపతి పోయి నాకు తెలిసిన మంచి జోడీలన్నీ తెచ్చాను. వట్టివేరు, గంధం, లవంగం, మల్లె. రోజుకొకటి పూసుకుని కూర్చోవడం, బకెట్టు తన్నించుకోవడం. అక్క గడప లోపలే నిలబడి చూసేది. ఏమీ అనేది కాదు. ఆమె మౌనం చూస్తే నాకు చిరాకు వచ్చేది. ఇల్లు గడవాల్సింది నాకా, ఆమెకా?

ఒక పొద్దున పొదుగు గట్టిపడి వేడిగా కాలింది. ముట్టుకుంటే ఆవు వణికింది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే పొదుగు చెడిపోతుందని కేకేశాను. అక్క గడప మీదే కూర్చుండిపోయింది.

‘మొగలి అత్తరు రా,’ అంది. ‘నాకు ఇష్టమని పూసుకుంటా ఉన్న్యాడు. ఆ సీసా జేబులో ఉండి ఆయనతోనే పోయినాది.’

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

‘ఆ వాసన ఇంకొకరి మీద వస్తే నేను తట్టుకోలేను,’ అంది.

పిప్పరమెంటు మీద మొగలి. అంతకంటే పొసగని జోడీ లోకంలో ఉండదు. అంగట్లో ఎవరైనా ఆ రెండూ కలిపి అడిగితే తగువు పెట్టుకుని ఉండేవాణ్ని. ఒకటి ముక్కులో సూదిలా చల్లగా దిగుతుంది, ఇంకోటి తియ్యగా, బరువుగా గొంతులోకి జారుతుంది. మొగలి పొదల్లో పాములు చుట్టుకుని పడుకుంటాయని చిన్నప్పుడు మమ్మల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. ఆ మధ్యాహ్నమే తిరుపతి పోయి అత్తరు తెచ్చి, మరుసటి పొద్దున చెవుల వెనక పూసుకున్నాను.

నేను కొట్టంలోకి అడుగు పెట్టకముందే ఆవు సన్నగా మూలిగింది. దగ్గరికి పోతే నా మెడ నాకింది. నేను చెయ్యి వేయకముందే చన్నుల నుంచి పాలు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. గెలిచానని అనుకోవాలి కదా. నాకు మాత్రం భయమేసింది. అది కళ్లు మూసుకుని నిలబడిన తీరు చూస్తే, అక్కడ కూర్చున్నది నేను కాదని దానికి ఖాయంగా తెలిసినట్టుంది.

వసారాలో నుంచి అత్త పిలిచింది. ‘వచ్చినావా అబ్బోడా?’

కొడుకును ఆమె అట్లాగే పిలిచేది. ముసలి ప్రాణం బాధపడుతుందని, ‘ఊ’ అన్నాను.

‘ఎండ తిరక్క ముందే వచ్చేయి నాయనా తోట నుంచి,’ అని ఆమె నెమ్మదిగా పడుకుంది.

ఆ రోజు నుంచి పాలకు లోటు లేదు. పాల వ్యాను మళ్లీ మా వాకిట ఆగింది. అక్క మొహం మాత్రం తేటపడలేదు. పొద్దున పాలు పితికి వస్తే బిడ్డ నా వీపుకు అతుక్కుని, మెడలో ముక్కు పెట్టి అట్లాగే నిద్రపోయేది. అక్క నీళ్లు తోడి, ‘ఏమయ్యా, నీళ్లు సల్లారిపోతా ఉండాయి,’ అని పిలిచి, అంతలోనే తన నోరు తనే మూసుకుని వంటింట్లోకి పోయేది. నా ముందు పెట్టిన పళ్లెం బావదని తిన్నాక చూసుకునేవాణ్ని. అత్త రోజూ పిలిచేది, నేను రోజూ ఊ కొట్టేవాణ్ని. ఊ కొట్టిన కొద్దీ ఆమెకు మాటలు పెరిగాయి. టమోటా నారు సంగతి, అక్కకు చీర తేవాలన్న సంగతి, అన్నీ నాతో మాట్లాడేది. నేను కొన్నిటికి జవాబు కూడా చెప్పాను. ఆ గొంతు నాదేనా అని ఒకసారి ఆగి విన్నాను.

ఎంత తోముకుని స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. అన్నంలో వచ్చేది, మంచినీళ్లలో వచ్చేది. నా ముక్కును నేను నమ్ముకుని బతికినవాణ్ని, దాన్నే నమ్మలేని రోజులు అవి. ఒక మధ్యాహ్నం నేను ఏమీ పూసుకోకుండా తోట గట్టు నుంచి వస్తుంటే, ఇంటి దగ్గర ఆ రెండు వాసనలూ కలిసి గుప్పుమన్నాయి. కొట్టంలో ఆవు తలెత్తి, ఖాళీగా ఉన్న ఇంటి వెనక సందు వైపు చూస్తూ అరిచింది. సందులో ఎవరూ లేరు. అత్తరు సీసా నేను దాచిన పెట్టెలో లేదు. సాయంత్రం చూస్తే మళ్లీ ఉన్న చోటే ఉంది. అక్కను అడుగుదామనుకున్నాను, ఆమె ఏం చెబుతుందో అని భయమేసి ఊరుకున్నాను. తిరుపతికి పారిపోదామని కూడా అనిపించింది. కానీ నేను పోతే పాలు ఆగిపోతాయి.

ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది. పలమనేరు మంచు వాకిట్లో ఇంకా విడలేదు. ఇంటి నిండా అదే వాసన. కొట్టంలో నుంచి బకెట్టులో పాలధార పడుతున్న చప్పుడు వినబడింది. నేను మంచం మీదే ఉన్నాను. బావే వచ్చాడనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. గోడ పట్టుకుని కొట్టం దాకా పోయాను.

ఆవు పక్కన బావ చొక్కా. చొక్కా కింద చీర కుచ్చెళ్లు. అక్క గొంతుక్కూర్చుని పాలు పిండుతోంది. బుగ్గల మీద లోషన్ తడి, చెవుల వెనక అత్తరు. మొగుడు పోయిన ఆడది పువ్వు వాసన కూడా చూడకూడదనే ఊళ్లో, నెల తిరక్కుండానే గడప దాటి, ఆమె మొగలి అత్తరు పూసుకుని కూర్చుంది. ఆవు చెవులు వాల్చి నిలబడి చేపుతోంది.

‘వచ్చినావా అబ్బోడా?’ అని వసారాలో అత్త పిలిచింది.

నేను అలవాటుగా నోరు తెరిచాను. అక్క నా వైపు చూసి వద్దని తల ఊపింది.

‘నేనత్తా,’ అంది గట్టిగా. ‘పాలు పిండతా ఉండా. ఆయన లేడు.’

అక్క ధార ఆపలేదు.

‘నువ్వు తిరుపతికి పో రా,’ అంది నాతో, తల ఎత్తకుండా. ‘ఆ వాసన నీ మీద వస్తే ఆయన ఇంట్లో తిరగతా ఉన్నట్టే ఉండాది. నా మీద వస్తేనే, పోయినాడని తెలస్తా ఉండాది.’

అప్పుడు వసారాలో అత్త ఏడవడం మొదలుపెట్టింది. బావను పూడ్చిన రోజు నుంచి ఆమె ఏడవడం నేను వినలేదు. గుండెలు బాదుకుని, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను పరిగెత్తబోయాను.

‘ఏడవనీ,’ అని అక్క నిండిన బకెట్టు పక్కకు జరిపి, రెండోది అడిగింది.