వసతి గృహంలో నా మంచం ఇచ్చేయమన్న రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, అందరికీ నా వందనాలు. నా పేరు కరుణమ్మ, మాది కూచిపూడి దగ్గర పల్లెటూరు. నా భర్త చనిపోయాక వీధిన పడ్డానని చాలామంది జాలిపడతారు గానీ, దేవుని సన్నిధిలో నిలబడి అబద్ధం చెప్పలేను, నన్ను వీధిన పడేసింది నా నోరే. అన్నయ్య చేరదీస్తే వదినతో పోట్లాడాను, పని ఇచ్చినవాళ్లతో పోట్లాడాను, ఆఖరికి విజయవాడ బస్టాండులో పడుకుంటూ అక్కడ ఊడ్చేవాళ్లతో కూడా పోట్లాడాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, నాకు ఒక్క ఊరూ మంచిది కాలేదు. జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే ఎవరో దయగల తల్లి ఆటో ఎక్కించి నిరాశ్రయుల వసతి గృహంలో చేర్చింది.

మూడేళ్లు అక్కడే ఉన్నాను. ఆదివారం ప్రార్థన చేయించడానికి వచ్చే అమ్మగారి దగ్గర కూర్చుని మొదటిసారి నా నోటి గురించి ఏడ్చాను. దేవుడు నాకు ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే పని చూపించాడు, పటమటలో ఒక గది చూపించాడు. ఇంటావిడ కామేశ్వరిగారు, రిటైరైన టీచరు. గదిలో చేరే రోజు మేం ముగ్గురు ఆడవాళ్లం వసతి గృహం నుంచి ఎవరి గదికి వాళ్లం బయలుదేరాం, ఏనుగెక్కినంత సంబరం మాకు. వార్డెన్ మేడమ్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నీ మంచం నెల రోజులు ఎవరికీ ఇవ్వను కరుణమ్మా, ఉండలేకపోతే వచ్చెయ్" అన్నారు. నా నోటి సంగతి ఆవిడకు తెలుసు.

ఆ సాయంత్రమే ఏం జరిగిందో వినండి. వసతి గృహంలో ఆరింటికి గంట కొడితే అందరం కంచాలు ముందు పెట్టుకుని వరండాలో వరసగా కూర్చుంటాం, వాళ్లు వడ్డిస్తారు. మూడేళ్ల అలవాటు, సహోదరులారా! పక్క వీధి గుడిలో గంట మోగేసరికి నాకు తెలియకుండానే కంచం తీసుకుని గది ముందు మెట్టు మీద కూర్చున్నాను. మొక్కలకు నీళ్లు పోస్తున్న కామేశ్వరిగారు చూసి, "ఏమ్మా, అలా కంచం పెట్టుకుని కూర్చున్నావేం? మా ఇంటి ముందు ఎవరో అడుక్కుంటున్నారనుకుంటారు జనం" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది, ఎలా ఆపుకున్నానో తెలియదు, లోపలికి వెళ్లి బట్టలు సంచిలో కుక్కేశాను, నెల రోజుల మంచం ఉందిగా అనుకున్నాను. సంచి భుజాన వేసుకోబోతూ మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నోరు తెరిస్తే ఈ ఇల్లు పోతుంది, మూసుకుని పారిపోయినా ఈ ఇల్లు పోతుంది, తిట్టకుండా మాట్లాడే మాట ఒక్కటి ఇవ్వు తండ్రీ" అని ఏడ్చాను.

బయటికి వచ్చి, "టీచరుగారూ, మూడేళ్లు వరసలో కూర్చుని తిన్నానండి, వండుకోవాలన్న సంగతే గుర్తు రాలేదు" అన్నాను. అంతే అన్నాను. ఆవిడ కొళాయి కట్టేసి నా దగ్గరికి వచ్చారు. "తొందరపడి అనేశానమ్మా. మావారు పోయాక నాకూ ఒక్కదానికే వండుకోబుద్ధి కావట్లేదు. నువ్వు అన్నం వండు, గోంగూర పప్పు నేను తెస్తాను" అన్నారు. ఇద్దరం ఆ మెట్టు మీదే తిన్నాం. నా మాటకు మనుషులు లేచిపోవడమే చూశాను గానీ, నా మాట విని ఒక మనిషి నా పక్కన కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. దేవునికే మహిమ కలుగును గాక!

మర్నాడు పొద్దున్నే వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చేసి నా మంచం ఇంకొకరికి ఇచ్చేయమన్నాను. "అప్పుడేనా?" అని ఆవిడ కంగారుపడ్డారు. "ఎవరో తల్లి బయట ఎదురుచూస్తూ ఉంటుందండి" అన్నాను.

నా వదిన ఇంకా ఫోన్ ఎత్తడం లేదు, ఆ విషయం ప్రార్థనలో పెట్టండి. వసతి గృహం నుంచి వచ్చి వెనక కూర్చున్న అక్కచెల్లెళ్లారా, బయటికెళ్లి బతకలేమని భయపడకండి, నా నోటినే బాగుచేసిన దేవుడికి మీ కష్టం ఒక లెక్కా? ఆయన్ని నమ్మండి. ఆరాధన అయ్యాక మా గదికి కూడా రండి, పదిమందికి సరిపడా బియ్యం కడిగి పెట్టి వచ్చాను.