ఆరు శాతం మిగిలిన డ్రైవు

ఓల్గీన్ ఊళ్ళో కంప్యూటరు ముట్టుకున్నవాళ్ళలో సగంమంది అరిస్తీదెస్ పూపో దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పేటలోని క్లబ్బులో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాడు. వాటిలో జనానికి బాగా పట్టుబడింది ఒక్కటే: శనివారం శనివారం డిస్కు సర్దాలి. చెల్లాచెదురుగా పడున్న ఫైళ్ళను వరసలో పేర్చే ప్రోగ్రాము ఒకటుండేది. "ఇల్లు ఊడ్చుకోరూ? ఇదీ అంతే" అనేవాడు. ఊరంతా ఊడ్చింది.

రిటైరయ్యాక ఇంట్లోనే పని పెట్టుకున్నాడు. అక్కడ ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండితే పెళ్ళంత పండుగ. అద్దె గౌన్లు, వాల్ట్జ్ నాట్యం, వందల కొద్దీ ఫోటోలు. వాటికి మెరుగులు దిద్ది ఆల్బములు కట్టడం ఆయన పని. పనామా వెళ్ళొచ్చిన మరదలు ఎస్సెస్డీ అనే కొత్తరకం డ్రైవు ఒకటి తెచ్చిచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. చప్పుడు లేదు, ఏ ఫైలైనా చిటికెలో తెరుచుకుంటుంది. మురిసిపోయి, మూడేళ్ళపాటు దాన్ని కూడా శనివారం శనివారం సర్దాడు.

మే నెలలో అది నత్తనడక పట్టింది. బజార్లో రిపేరు బల్ల నడిపే పాత శిష్యురాలు లియానెత్‌ని పిలిచాడు. ఆవిడ ఏదో ప్రోగ్రాము పెట్టి చూసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"మాస్టారూ, దీన్ని ఏం చేస్తున్నారు మీరు?"

"సర్దుతున్నాను. నీకు నేర్పిందేగా."

"నాకు నేర్పింది తిరిగే డిస్కుకండీ. అందులో ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి గనక వరస కావాలి. ఇందులో తిరిగేదే లేదు. ఫైలు ఎక్కడున్నా ఒకటే. మీరు సర్దినప్పుడల్లా రాసిందే చెరిపి మళ్ళీ రాస్తుంది. ఒకే కాగితం మీద రబ్బరుతో అన్నిసార్లు రుద్దితే చిరగదూ?"

"చిరిగిందా?"

"దీని ఆయుష్షు నూటికి ఆరు మిగిలింది."

అరిస్తీదెస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

లియానెత్ చెప్పాల్సినవన్నీ చెప్పింది. సర్దడం ఈ క్షణం నుంచి బంద్. పావు వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. నెట్టు సరిగా లేని ఊళ్ళో వారం వారం డిస్కులో ఇల్లిల్లూ తిరిగే సినిమాల ప్యాకెట్టు దీనిలోకి దించొద్దు. కరెంటు పోతుందని ముందే కంప్యూటరును గాఢనిద్రలోకి పంపే అలవాటు మానాలి, నిద్రపోయిన ప్రతిసారీ మెమరీ అంతా డ్రైవు మీద కుమ్మరిస్తుంది. "ఇవన్నీ రేపట్నించి. ఇవాళ మాత్రం, ఇందులో ఉన్న ఫోటోలు ఇంకోచోట పెట్టండి."

ఆ ఫోటోలు పక్కవీధి మిర్తా కూతురు యానెలిస్‌వి. నాలుగువందల పన్నెండు. తీసినవాడు తన మెమరీ కార్డు చెరిపేసి ఇంకో పండుగకు వెళ్ళిపోయాడు. ఆల్బము కాగితం ఊళ్ళో దొరక్క పని ఆగిపోయింది.

మాస్టారి దగ్గర ఇంకో డిస్కు ఉంది. పాతది, లోపల టకటక కొడుతుంది. "ఆ ముసలిదాని చేతిలో ఆడపిల్ల ఫోటోలు పెట్టనా?" అనుకున్నాడు. కంప్యూటరుకు ఆ టకటకది బిగించి, ఎస్సెస్డీని ఊడదీసి, మెత్తటిగుడ్డతో తుడిచి, నైలాను సంచిలో చుట్టి, బీరువాలో పింగాణీ కప్పుల పక్కన పెట్టాడు.

ఆ బీరువాల సంగతి కాస్త చెప్పాలి. ఆ ఊళ్ళో మంచి దుప్పటి ఆసుపత్రిలో చేరే రోజు కోసం, మంచి గ్లాసులు ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం. వాడకపోతే నిలుస్తుందని అందరి గట్టి నమ్మకం. కొరత నేర్పిన భక్తి అది. దుప్పట్ల విషయంలో ఆ భక్తి ఫలిస్తుంది కూడా. అరిగిన ఎస్సెస్డీ దుప్పటి కాదు.

అక్టోబరులో కాగితం వచ్చింది. కబురు అందగానే మిర్తా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మాస్టారు డ్రైవు బిగించాడు. మొదటి ఫోటోలో యానెలిస్ ముఖం వచ్చింది. మెడ కింద అంతా బూడిదరంగు.

"గౌను ఏదీ?" అంది మిర్తా.

రెండోదీ అంతే. మూడోది తెరుచుకోనే లేదు.

"సిమెంటు గోతిలో దిగినట్టున్నానే అమ్మా," అని పిల్ల నవ్వబోయింది. తల్లి ముఖం చూసి మానేసింది.

కబురు పంపితే లియానెత్ పరుగున వచ్చింది. బీరువాలో ఐదు నెలలని వినగానే తల పట్టుకుంది. "ఇందులో రాత అంటే చిటికెడు కరెంటు, మాస్టారూ. ఊరికే పెడితే మెల్లగా కారిపోతుంది. కొత్తదైతే ఏళ్ళు ఆగేది. మీది అరిగింది, పైగా రేకు కప్పు కింద ఎండాకాలమంతా ఉడికింది."

"ముట్టుకోకుండా ఉంచానమ్మా."

"అదే."

ఎవరైనా తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

"వాల్ట్జ్ ఉందా?" మిర్తా అడిగింది. "వాళ్ళ నాన్నతో వేసింది. ఆయన జన్మలో వేసిన డాన్సు అదొక్కటే, అదీ తప్పుల తడక. అదుంటే చాలు, మిగతావి మీరే ఉంచుకోండి."

వెతికారు. పూర్తిగా తెరుచుకున్నవి ముప్ఫయ్యొకటి. మెట్ల మీద, అద్దె కారు పక్కన, విసనకర్రతో. వాల్ట్జ్ ఫోటోలు పదకొండు, ఒక్కటీ తెరుచుకోలేదు. లియానెత్ ఉన్నవాటినైనా దక్కించుకుందామని తన డ్రైవులోకి కాపీ పెట్టింది. పంతొమ్మిది వెళ్ళాయి. ఇరవయ్యోది సగంలో ఆగింది. తెర మీద అసలు ఆ డ్రైవు పేరే మాయమైంది.

"తీసి మళ్ళీ పెట్టండి," అంది మిర్తా.

తీసి పెట్టాడు. లేదు.

"ఇంకోసారి, మాస్టారూ."

ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పినవాడికి తెలియనిది కాదు, ఇక అది లేవదని. లియానెత్ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. మిర్తా కుర్చీ అంచుకు జరిగింది.

వైరు ఊడదీసి, కొస తుడిచి, మళ్ళీ పెట్టాడు.

"ఇంకోసారి," అంది మిర్తా.