డిక్కీలో బియ్యం, తలుపు మీద వెలుగు

మా ఆవిడకు యాభై దగ్గరపడ్డాక డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. ఆ వెంటనే హామిల్టన్‌లో ఒక ఆస్పత్రి వంటగదిలో సాయంత్రం షిఫ్టు దొరికింది. నవంబరులో ఇక్కడ ఐదింటికే చీకటి. మొదటి వారం తిరక్కుండానే కారు తాళాలు తెచ్చి నా ముందు పడేసింది.

"ఇక నేను నడపనండీ. ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు కొట్టి తిడుతున్నాడు. నాకు డ్రైవింగ్ రాదని ఊరంతటికీ తెలిసిపోయింది."

"తిట్టడం కాదే, పలకరింపు. కెనడావాళ్ళు మర్యాదస్తులు."

"పలకరింపుకి హారన్ కూడా కొడతారా? రేపే మానేస్తానని చెప్పేస్తా."

షిఫ్టు అయ్యేసరికి మా వైపు బస్సులుండవు. కారు వదిలితే ఉద్యోగమూ వదిలినట్టే.

మా కారు లైట్లు ఎత్తుగా, ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతున్నాయని నాకు అప్పటికే అనుమానం. ఎంత ఎత్తంటే, దక్షిణానికి పోతున్న బాతుల గుంపొకటి ఆ వెలుగుకు దారితప్పి మా వాకిట్లో దిగింది. నమ్మకపోతే పక్కింటాయన్ని అడగండి. ఆయనా నమ్మలేదు.

మర్నాడు ఆవిడకు సెలవు. పొద్దు వాలగానే కారుని గరాజ్ తలుపుకి ఎదురుగా, పాతికడుగుల దూరంలో నిలిపాను. లైట్లు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి, తలుపు మీద అదే ఎత్తున టేపు అంటించాను. వెలుగు పై అంచు ఆ టేపుకి కాస్త కింద పడాలి. మాది ఆరంగుళాలు పైన పడింది. బానెట్ ఎత్తి లైటు వెనక స్క్రూ తిప్పబోతే, తుప్పుపట్టి కదలనంది. నాలుగు చుక్కల నూనె వేసి చూస్తూ నిలబడ్డాను.

ఇంతలో ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో బియ్యం ఉండేది కారు డిక్కీలో. మంచులో చక్రాలు జారకుండా ఇక్కడివాళ్ళు బరువు కోసం డిక్కీలో ఇసుక మూటలు వేస్తారు. ఇసుకెందుకు, బియ్యమైతే తర్వాత వండుకోవచ్చని ఆరు బస్తాలు వేయించాను. ఆ తెలివి గురించి తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆవిడ ఒక బస్తాని కిందికి లాగింది. తలుపు మీద వెలుగు అంగుళం దిగింది.

"ఏమిటే అది! ఇంకోటి లాగు."

"మీరే లాగండి. నా నడుమంటే అంత లోకువా?"

లాగాను. ఇంకో అంగుళం దిగింది. వెనక బరువుకి కారు ముక్కు పైకి లేచి ఉందన్నమాట. డిక్కీ ఖాళీ అయ్యేసరికి వెలుగు టేపు దాకా వచ్చింది. ఈలోగా స్క్రూ కూడా మెత్తబడింది. మిగిలిన కాస్తా దాంతో దించాను.

ఆవిడ వాకిట్లో బస్తాల్ని చూసింది, నన్ను చూసింది.

"అయితే తప్పు నా డ్రైవింగ్‌ది కాదు."

"కాదు, బియ్యానిది."

"బియ్యం తనంతట తనే ఎక్కి కూర్చుందా?"

మర్నాడు సాయంత్రం తాళాలు అడక్కుండానే తీసుకెళ్ళింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని గదిలో తిరుగుతూనే ఉన్నాను. ఆస్పత్రి చేరగానే చేసింది.

"ఒక్కడంటే ఒక్కడు కొట్టలేదండీ! ఈ ఆదివారం గుడికి నేనే నడుపుతా. మీరు మాత్రం ముందు సీట్లో కూర్చోండి."

"ఎందుకూ, దారి చెప్పడానికా?"

"దారి నాకు తెలుసు. మీరు వెనక కూర్చుంటే లైట్లు మళ్ళీ లేస్తాయి."