చిన్న మేడం రాసిన జవాబు

మొగుళ్లపల్లి హైస్కూల్లో పదో తరగతికి కెమిస్ట్రీ చెప్పేది నేను. ఫిజిక్స్ చెప్పడానికి కొడకండ్ల నుంచి బదిలీ మీద ఒకామె వచ్చింది, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. వారం తిరగకుండానే పిల్లలు ఆమెను చిన్న మేడం అన్నారు. దాంతో నేను పెద్ద మేడం అయిపోయాను. ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండేది.

మా ల్యాబ్ కిటికీకి దారంతో ఒక నోటుబుక్కు కట్టి ఉంటుంది. ఎదురుగా అడగడానికి సిగ్గుపడే పిల్లలు అందులో డౌట్లు రాస్తారు, కింద మేము జవాబు రాస్తాం. దాన్ని మొదలుపెట్టిందే నేను. ఆమె వచ్చాక ప్రతి డౌటు పైనా ‘చిన్న మేడంకు’ అని రాయసాగారు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, ఉప్పునీళ్లలో కరెంటు ఎట్ల పోతుంది, అన్నీ నా పాఠాలే, అన్నీ ఆమెకే. ఆమె జవాబుల కింద థ్యాంక్యూ రాసి పువ్వు బొమ్మ వేసేవారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు ఒక్క పువ్వూ రాలేదు.

ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ ఆ పుస్తకం తిరగేశాను. ఆమ్లంలో నీళ్లు పోస్తూ పోతే ఎప్పటికైనా క్షారం అవుతుందా అని ఎవరో అడిగారు. అవుతుంది, పలచబడేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది, ఏడు దాటితే క్షారమే అని చిన్న మేడం గబగబా రాసిపెట్టింది. తప్పు. ఏడు దగ్గరికి వస్తుంది గానీ దాటదు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. చేతిలో పెన్ను ఉంది, ఒక్క గీత గీస్తే అయిపోయేది. బస్సుకు టైమైందని నాకు నేనే చెప్పుకొని, పుస్తకం మూసి భూపాలపల్లి బస్సెక్కాను.

పది రోజులకు స్లిప్ టెస్టు పెట్టి, కావాలనే ఆ ప్రశ్న ఇచ్చాను. సగం మంది అదే తప్పు రాశారు, అందులోనూ బాగా చదివే పిల్లలే. సున్నాలు చుట్టిన ఆ కట్టను స్టాఫ్‌రూంలో అందరి ముందూ ఆమె టేబుల్ మీద పెట్టి, ఇంతమందికి ఇది ఎవరు నేర్పారో చూడమన్నాను. ఆమె ముఖం మాడిపోతుందనుకున్నాను. ఆమె నాలుగు పేపర్లు చూసి, లేచి నేరుగా క్లాసుకు పోయింది. తమాషా చూద్దామని నేనూ వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

“తప్పు మీది కాదు, నాది. నేను రాసిందే మీరు రాసిండ్రు,” అంది పిల్లలతో. తర్వాత నన్ను లోపలికి పిలిచి, మీ సబ్జెక్టు కదా, మీరే సక్కగ చెప్పండంటూ సుద్దముక్క చేతికిచ్చింది.

పచ్చిపులుసులో బిందెడు నీళ్లు పోస్తే చివరికి నీళ్లంత చప్పగా అవుతుంది గానీ సున్నపునీళ్లు కాదు కదా అన్నాను. పిల్లలు నవ్వారు. వాళ్లకు అర్థమైంది. నెలల తరబడి నేను కోరుకున్నది అదే. అయినా నా కన్ను ఆమె మీదే ఉంది. తప్పు ఒప్పుకున్నా పిల్లలు ఆమెనే ప్రేమగా చూస్తున్నారు. దానికీ కుళ్లుకున్నాను.

అప్పుడు ముందు బెంచీలో, సున్నా వచ్చిన పిల్ల ఒకతి లేచింది.

“మేడం, గా బుక్కు మీరు సూడలేదా? సూస్తే మాకు జెప్పేటోళ్లు గదా.”

చిన్న మేడం వచ్చాక ఆ తరగతిలో నన్ను అడిగిన మొదటి డౌటు అది. చూడలేదని చెప్పాను.